మూడు రోజుల మహానగరం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలు దాటిన ఆ ప్రయాణంలో ఏ ఊరిలో మంచినీరు దొరికిందీ, ఎక్కడ విడిదికి వసతి ఉన్నదీ, ఏ ఏరు ఎలా దాటవలసి వచ్చిందీ ఆయన ఏ రోజుకారోజు రాసి ఉంచారు. అందువల్లనే 'కాశీయాత్ర చరిత్ర' యాత్రా సాహిత్యం మాత్రమే కాక, తరువాతి బాటసారులకు మార్గదర్శి కూడా అయింది. నేటి యాత్రికునికి అంతటి తీరిక లేదు. శంషాబాదులో విమానం ఎక్కినవాడు సుమారు మూడున్నర గంటల్లో థాయిలాండ్ రాజధాని బ్యాంకాక్‌లో దిగుతాడు. మూడు రోజులు గడిపి, నాలుగవ రోజున తన ఉద్యోగంలో ఉంటాడు. వీరాస్వామయ్యగారికి ఒక ఊరు నచ్చితే మరొక రోజు నిలిచే స్వేచ్ఛ ఉండేది. మూడు రోజుల యాత్రికునికి అది లేదు. అతడు ఒక స్థలాన్ని ఎన్నుకోవడమంటే మరొక స్థలాన్ని వదులుకోవడమే. కాబట్టి ఏది చూడాలన్న ప్రశ్న కంటె, ఏది మానుకోవాలన్న ప్రశ్నే అతనికి కష్టమైనది.

ఈ ప్రశ్నను చాలామంది యాత్రాసంస్థలకు వదిలివేస్తారు. తెలుగు ప్రాంతాల నుంచి వెళ్ళే సామూహిక యాత్రలలో తరచు కనిపించే క్రమం ఒకటి ఉంది: విమానం దిగగానే పట్టాయా సముద్రతీరం, మరునాడు పగడాల ద్వీపం, తరువాత బ్యాంకాక్‌లో ఒకటి రెండు ఆలయాలు, నడుమ ఎవరూ కోరని రత్నాల దుకాణం. ఆ దుకాణంలో గడిచే గంటలను కార్యక్రమ పత్రంలో 'దర్శనీయ స్థలం' అనే పేరిట లెక్కిస్తారు. సముద్రస్నానమే ధ్యేయమైతే ఈ క్రమంలో దోషం లేదు. కాని ఒక నగరాన్ని తెలుసుకోవాలనుకునేవారికి ఇందులో మిగిలేది ఒక పూట మాత్రమే.

బ్యాంకాక్ పురాతన నగరం కాదు. చక్రి వంశ స్థాపకుడైన మొదటి రామరాజు 1782లో చావొ ప్రయా నది తూర్పు గట్టున దానిని రాజధానిగా నెలకొల్పాడు. విదేశీయులు బ్యాంకాక్ అని వ్యవహరించినా, స్థానికులు దానిని 'క్రుంగ్ థేప్' అంటారు. ఇది ఒక దీర్ఘనామంలోని మొదటి రెండు మాటలు మాత్రమే. లోకంలో అతి పొడవైన స్థలనామంగా ప్రసిద్ధి పొందిన ఆ పేరును నెమ్మదిగా వింటే తెలుగు విద్యార్థి చెవికి పాత చుట్టాలు తగులుతారు. 'థేప్' అంటే దేవ. 'మహానఖోన్' అంటే మహానగరం. 'అమోన్ రత్తనకోసిన్'లో అమరశబ్దమూ రత్నశబ్దమూ ఉన్నాయి. 'నొప్పరత్ రాచథాని' అంటే నవరత్న రాజధాని. ఇంద్రుడు ప్రసాదించగా విశ్వకర్మ నిర్మించిన నగరమని ఆ పేరు ముగుస్తుంది. 2006లో ప్రారంభమైన విమానాశ్రయం పేరు 'సువర్ణభూమి'. అందులో ప్రయాణికులకు కనిపించే పెద్ద శిల్పం క్షీరసాగర మథనం. సంస్కృత పాళీ భాషలు ఆ దేశానికి ఎంత లోతుగా చేరాయో చెప్పడానికి వేరే నిదర్శనం అక్కరలేదు.

ప్రణాళిక వేసుకునేవారు ముందుగా నగర పటాన్ని ఎదుట పెట్టుకోవాలి. రాజప్రాసాదం, శయనబుద్ధుని ఆలయం, అరుణాలయం మూడూ నది చుట్టూ, ఒకదానికొకటి చేరువలో ఉన్నాయి. ఆధునిక విపణివీధులు తూర్పున ఉన్నాయి. ఈ రెండు భాగాల నడుమ వాహనాల రద్దీ బ్యాంకాక్‌కు పెట్టింది పేరు. ఉదయం ఒక దిక్కూ, మధ్యాహ్నం మరొక దిక్కూ పెట్టుకున్నవారి దినంలో పెద్ద భాగం రోడ్డు మీదనే కరిగిపోతుంది. 1999లో వచ్చిన ఆకాశరైలు, 2004లో మొదలైన భూగర్భ రైలు, నదిలో నడిచే పడవలు ఈ చిక్కును చాలావరకు తప్పిస్తాయి. ఒక రోజుకు ఒకే దిక్కు అన్న నియమం పెట్టుకుంటే మూడు రోజులు మూడు రోజులుగానే మిగులుతాయి.

మొదటి రోజు నదికి కేటాయించడం ఉత్తమం. నదీతీరంలోని ప్రాసాదం ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు. ఎండ ముదరకముందే, జనం పెరగకముందే అక్కడ ఉండాలి. భుజాలూ మోకాళ్ళూ కప్పే దుస్తులు లేనివారిని లోనికి రానివ్వరు. ద్వారం బయట ఎవరైనా మర్యాదగా పలకరించి, "ఈ పూట ప్రాసాదం మూసివేశారు, తక్కువ బాడుగకు వేరే ఆలయాలు చూపిస్తాను" అంటే నమ్మరాదు. ఆ మూడు చక్రాల బండి చివరకు ఆగేది రత్నాల దుకాణం ముందే.

ప్రాసాద ప్రాంగణంలోని మరకత బుద్ధుని విగ్రహం ఎత్తు రెండున్నర అడుగులైనా లేదు. పేరు మరకతమే కాని అది పచ్చ కాదు, ఆకుపచ్చని మరొక జాతి రాయి. ఏడాదికి మూడుసార్లు, వేసవి, వర్ష, శీత ఋతువుల ఆరంభంలో, రాజు స్వయంగా ఆ విగ్రహానికి వస్త్రాలంకరణ మారుస్తాడు. జనమంతా అక్కడ గుమికూడి, చుట్టూ ఉన్న మండపపు గోడలను ఒక చూపు చూసి వెళ్ళిపోతారు. తెలుగు యాత్రికులు ఎక్కువసేపు నిలవవలసిన చోటు నిజానికి ఆ గోడల ముందే. థాయి రామాయణమైన 'రామకియెన్' కథ అక్కడ 178 చిత్రాలలో సాగుతుంది. రావణుడు 'తొసకన్', అనగా దశకంఠుడు. హనుమంతుడు అక్కడ బ్రహ్మచారి కాడు. సేతువును చెడగొట్టడానికి వచ్చిన మత్స్యకన్యను ప్రేమించి వివాహమాడతాడు. మన ఇళ్ళలో విన్న కథ సముద్రం దాటి మరొక జాతి సొంత కథగా మారిన తీరు చూడడానికి ఒక గంట సమయం ఎక్కువ కాదు.

అక్కడి నుంచి నడకదూరంలో ఉన్న వాట్ ఫో ఆలయంలోని శయనబుద్ధుని పొడవు 46 మీటర్లు. ముత్యపు చిప్పలు తాపిన ఆ పాదాల మీద 108 మంగళచిహ్నాలు ఉన్నాయి. వైద్యం మొదలుకొని ఛందస్సు వరకు అనేక విద్యలను రాతిపలకల మీద చెక్కించి గోడలకు అమర్చిన చోటు కూడా ఇదే. సంప్రదాయ మర్దన విద్యను నేటికీ ఇక్కడ బోధిస్తున్నారు. సాయంకాలం పడవలో నది దాటితే, పింగాణీ ముక్కలు పొదిగిన అరుణాలయ శిఖరం పడమటి ఎండలో మెరుస్తూ కనిపిస్తుంది. ఆ గట్టు పేరు థాన్‌బురి, అనగా ధనపురి.

రెండవ రోజు ఎవరి అభిరుచి వారిది. జాతీయ ప్రదర్శనశాల సోమ, మంగళవారాల్లో తెరవరు. చతుచక్ అంగడి పూర్తిగా నడిచేది శని, ఆదివారాల్లో. బయలుదేరే వారాన్ని బట్టి వీటిలో ఒకటి దానంతటదే తొలగిపోవచ్చు. నగరం నడుమ ఎర్రని మహా ఊయల స్తంభాలూ, వాటి చేరువలో 1784లో కట్టిన బ్రాహ్మణ దేవస్థానమూ ఉన్నాయి. దక్షిణ భారతం నుంచి తరలివెళ్ళిన పురోహిత సంప్రదాయం థాయి రాజాస్థానంలో ఇప్పటికీ నిలిచి ఉంది. తేలియాడే అంగడి పేరిట ప్రసిద్ధమైన దామ్నోన్ సదువాక్ నగరానికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. పొద్దున్నే చేరకపోతే అక్కడ కనిపించేది యాత్రికులు యాత్రికులను చూసుకోవడమే. మూడు రోజుల యాత్రలో దానికి ఒక పూట ఇవ్వడం దండగ.

మూడవ రోజు నగరం విడిచి వెళ్ళాలి. అసలు చిక్కు ఇక్కడనే ఉంది. ఒక్క రోజులో వెళ్ళి రాదగిన చోట్లు రెండు: ఉత్తరాన అయుత్థయ, పడమట కాంచనబురి. రెండింటినీ ఒకే రోజున చూడలేరు.

అయుత్థయ బ్యాంకాక్‌కు సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉంది. 1351లో వెలసి, నాలుగు శతాబ్దాలకు పైగా సయాం రాజధానిగా వర్ధిల్లిన ఆ నగరానికి అయోధ్య పేరు పెట్టారు. మూడు నదుల నడుమ ద్వీపంలా ఉన్న దానిని 1767లో బర్మా సైన్యాలు తగులబెట్టాయి. 1991లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో దానికి చోటు దక్కింది. మహాధాతు ఆలయ శిథిలాలలో రావి జాతి వృక్షపు వేళ్ళు ఒక బుద్ధుని శిరస్సును పొదువుకొని ఉన్నాయి. దాని ముందు ఛాయాచిత్రం తీయించుకునేవారు, తమ తల ఆ శిరస్సు కంటె ఎత్తున ఉండకుండా, నేల మీద కూర్చోవాలి. ఈ నగరానికి తెలుగునేలతో ఒక బంధం ఉంది. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నం నుంచి అద్దకపు వస్త్రాలు ఓడలలో బయలుదేరి, మెర్గుయి రేవులో దిగి, కొండదారిన అయుత్థయకు చేరేవి. సయాం రాజాస్థానం తనకు కావలసిన నమూనాలను పంపించి, కోరమండల తీరపు పనివారి చేత బట్టలు వేయించుకునేది. తిరుగుటోడలలో సయాం ఏనుగులు వచ్చేవి. 2023 జనవరి నుంచి ఉత్తరాదికి పోయే దూరప్రయాణపు రైళ్ళు కొత్త కేంద్ర స్టేషన్ నుంచి బయలుదేరుతున్నాయి. ఎక్కే ముందు ఏ స్టేషనో అడిగి తెలుసుకోవాలి. అక్కడ దిగాక సైకిళ్ళు బాడుగకు దొరుకుతాయి. సుఖమైన రోజు కోరేవారికి అయుత్థయ సరిపోతుంది.

కాంచనబురి సుఖమైన రోజు కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాను సైన్యం థాయిలాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గాన్ని 1942, 43 సంవత్సరాలలో అడవులూ కొండలూ తొలిచి వేయించింది. అరవైవేలకు పైగా యుద్ధఖైదీలు అందులో పనిచేశారు; పన్నెండువేలమందికి పైగా మరణించారు. 1957లో వచ్చిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' చలనచిత్రం వల్ల లోకానికి తెలిసినది వీరి కథే. ఆ చిత్రాన్ని తీసింది అక్కడ కాదు, సింహళంలో. కాని పనిచేసినవారిలో అధికసంఖ్యాకులు ఆసియా కూలీలు. మలయా రబ్బరు తోటల నుంచి మూడు నెలల పని, మంచి కూలి అని ఆశపెట్టి కొందరిని, బలవంతంగా మరికొందరిని రైళ్ళలో తరలించారు. వారిలో చాలామంది తమిళులు; తెలుగువారూ ఉన్నారు. విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి అంతకు ముందే మలయా తోటలకు వలసపోయిన కుటుంబాలవారు వీరు. కలరా, ఆకలి, దెబ్బలు వారిని కబళించాయి. ఎవరు వచ్చారో, ఎవరు పోయారో రాసి పెట్టినవారు లేరు. అందుకే మృతుల సంఖ్య అంచనాలలోనే మిగిలింది. తొంభైవేలన్నది తరచు వినిపించే అంచనా.

కాంచనబురి యుద్ధశ్మశానంలో దాదాపు ఏడువేల సమాధులు పచ్చిక మీద వరుసలు తీరి ఉన్నాయి. చాలా ఫలకాల మీద సైనికుని పేరు, దళం, వయస్సు, కొన్నింటి మీద ఇంటివారు రాయించిన ఒక మాట కనిపిస్తాయి. ఇరవై రెండు, ఇరవై నాలుగు, పంతొమ్మిది. నాలుగడుగులు వేసేసరికి చూసేవారి గొంతు పట్టుకుంటుంది. ఆ పచ్చికలో ఆసియా కూలీల వరుస ఒక్కటీ లేదు. వారి ఎముకలపై కట్టిన స్మారకం పట్టణంలోని వాట్ థవోర్న్ ఆలయంలో ఉంది. 2023లో తమిళ కూలీల స్మృత్యర్థం అక్కడ ఒక వీరశిలను నిలిపారు. సామూహిక యాత్రల బస్సులు వంతెన దగ్గర ఆగుతాయి, శ్మశానం దగ్గర ఆగుతాయి. ఈ ఆలయం దగ్గర ఆగేవి అరుదు. సొంతంగా ప్రణాళిక వేసుకోవడం వల్ల కలిగే ప్రయోజనం ఏమిటని అడిగేవారికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

మొదటిసారి వెళ్ళేవారు, చిన్నపిల్లలతో వెళ్ళేవారు అయుత్థయను ఎన్నుకుంటే తప్పులేదు. పెద్దవయసు విద్యార్థులు, మలయా వలసల కథలు ఇంట్లో విన్నవారు కాంచనబురిని విడవకూడదు. థాన్‌బురి స్టేషన్ నుంచి ఉదయం బయలుదేరే సాధారణ రైలు సుమారు మూడు గంటల్లో అక్కడికి చేరుస్తుంది. రైలుమార్గాన్ని గురించి 2003లో తెరిచిన ప్రదర్శనశాల శ్మశానానికి ఎదురుగానే ఉంది. దానిని ముందు చూసి, తరువాత సమాధుల వద్దకు, ఎండ తగ్గాక ఆలయానికి వెళ్ళడం మంచి క్రమం. అదే రైలు పట్టణం దాటి, వంతెన మీదుగా, కొండ అంచున కట్టిన కొయ్య మార్గం మీద నామ్‌టోక్ వరకు పోతుంది. అంతవరకు వెళితే తిరుగు రైలు ఆలస్యం కావచ్చు. ఆ రాత్రికే విమానం ఉన్నవారు కాంచనబురి పట్టణంలోనే ఆగి, సాయంత్రపు బస్సులో నగరానికి తిరిగి రావాలి. విమానం మరునాటి ఉదయానిదైతే, కొయ్య మార్గం మీద రైలు నెమ్మదించినప్పుడు ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నవారికి కింద నది కనిపిస్తుంది.