మినహాయింపు పొందిన ద్రావణులు: రైతు తెలిసికొనదగిన సంగతులు

పి.వి.సి. పైపులు అతికించు జిగురు డబ్బా మూత తీయగానే ముక్కుకు ఘాటుగా తగులు వాసన మీకందరకు తెలిసినదే. పురుగుమందు సీసాపై ఇ.సి. అను అక్షరములున్నచో, ఆ వాసనలో కొంత మందుది, కొంత ఆ మందును కరగించిన ద్రవముది. ట్రాక్టరు రేకులకు వేయు రంగులో కలుపు థిన్నరు కూడ ఈ జాతిదే. వేరొక పదార్థమును తనలో కరగించుకొని, పని ముగిసిన పిదప ఆవిరియై గాలిలో కలిసిపోవు ఇట్టి ద్రవములను ద్రావణులందురు.

ఈ మధ్య రంగుల డబ్బాలపైన, జిగురు డబ్బాలపైన "తక్కువ వి.ఓ.సి." అను ముద్ర కనబడుచున్నది. వి.ఓ.సి. యనగా ఆవిరియై గాలిని పాడుచేయు కర్బన పదార్థములు. ఈ లెక్క పద్ధతి మొదట అమెరికాలో పుట్టినది. అక్కడి నిబంధనలలో కొన్ని ద్రావణులకు మినహాయింపు కలదు. మినహాయింపు పొందిన ద్రావణి డబ్బాలో సగమున్నను వి.ఓ.సి. లెక్కలోనికి రాదు. కనుక ఆ ముద్రను చూచి "ఇందులో ఘాటు లేదు, ప్రమాదము లేదు" అని అనుకొనరాదు. ఆ మినహాయింపు ఎందులకు ఇచ్చిరో తెలిసినగాని దాని విలువ తెలియదు.

విచిత్రమేమనగా, ఈ కథ ఆకుకూరల మడులలో మొదలైనది. 1944 ప్రాంతమున కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలిస్ నగరము చుట్టునున్న తోటలలో పాలకూర, లెట్యూసు ఆకుల అడుగుభాగము వెండిపూత పూసినట్లు మెరసి, పిదప కంచురంగు తిరిగి ఎండసాగెను. తెగులు కాదు, పురుగు కాదు. హాగన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడు అప్పుడు అనాసపండు వాసనకు కారణమైన పదార్థములను పరిశోధించుచుండెను. ఆయన ఆ పని ప్రక్కనపెట్టి నగరపు గాలిని పరీక్షించెను. మోటారు బండ్ల పొగలోని నత్రజని ఆక్సైడులు, పెట్రోలు, ద్రావణుల ఆవిరులు ఎండలో కలిసి ఓజోనును, దానితోపాటు మరికొన్ని విషవాయువులను పుట్టించుచున్నవని 1950 తరువాతి సంవత్సరములలో ఆయన నిరూపించెను. ఆకు అడుగున వెండిపూతకు ముఖ్య కారణము ఓజోను కాక, దానితో పుట్టిన తోటి వాయువని తరువాత తేలినది. ఓజోను చేయు గాయము వేరు. అది ఆకు పైభాగమున చిన్నచిన్న చుక్కలుగా కనబడును. 1958లో ద్రాక్ష ఆకులపై చుక్కలకు, 1959లో పొగాకు ఆకులపై తెల్లమచ్చలకు ఓజోనే కారణమని ఋజువైనది. అంతవరకు పొగాకు మచ్చను వాతావరణపు మచ్చ యని పిలిచి ఊరకుండిరి. బెల్ డబ్ల్యు-3 అను పొగాకు రకము ఓజోనుకు ఎంత త్వరగా లొంగుననగా, గాలిలో ఓజోను ఉన్నదా లేదా అని తెలిసికొనుటకే దానిని నాటుట కలదు.

ఓజోను ఆకు రంధ్రముల గుండా లోనికి పోయి ఆకు పనితనమును చెరచును. మచ్చలు పడకముందే దిగుబడి తగ్గవచ్చును. గోధుమ, సోయాచిక్కుడు, ప్రత్తి, వేరుసెనగ దీనికి లొంగు పంటలు. మరియొక సంగతి: నగరము నడుమ బండ్ల పొగలోని తాజా నత్రజని ఆక్సైడు ఓజోనును కొంత హరించును. గాలివాలున నగరమునకు కొన్ని మైళ్ళ అవతల ఆ అడ్డు తగ్గిపోవును. అందుచేత ఓజోను తరచుగా పట్టణమున కంటె పల్లెలోనే ఎక్కువగా నుండును. మన దేశమున 2009 నవంబరులో ప్రకటించిన గాలి నాణ్యతా ప్రమాణములలో ఓజోనుకు ఎనిమిది గంటల సగటున ఘనమీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు హద్దుగా నిర్ణయించిరి.

ఇక మినహాయింపు మాట. అన్ని ద్రావణులు ఒకే వేగముతో ఓజోనును పుట్టించవు. నగరపు గాలిలో ఒక గ్రాము మెటా జైలీను ఆవిరి అనుకూల పరిస్థితులలో 9 గ్రాములకు పైగా ఓజోనును పుట్టించగలదు. అసిటోను అయినచో అర గ్రాముకు లోపే. ఈ తేడాను చూచియే లాస్ ఏంజెలిస్ అధికారులు 1966లో 66వ నిబంధన చేసి, చురుకైన ద్రావణులను అదుపుచేసి మిగిలినవానిని వదలిరి. వదలినవానిలో చాల వరకు నెమ్మదిగా మారునవే గాని మారనివి కావు. అవి ఆ రోజున ఆ ఊరిలో కాక, మరునాడు గాలివాలుననున్న వేరొకరి చేలపై ఓజోను నిచ్చుచున్నవని తరువాత తెలిసినది. కనుక 1977లో అమెరికా ప్రభుత్వము జాబితాను బాగుగా కుదించినది. ఈథేను అను వాయువును కొలబద్దగా పెట్టుకొని, దాని కంటె చురుకు కాని పదార్థములకే మినహాయింపు ఇచ్చుట తరువాత వాడుకయైనది. అసిటోనుకు 1995లో మినహాయింపు దొరకినది.

ఈ పరీక్షలో అడుగు ప్రశ్న ఒక్కటే: నేల దగ్గర ఓజోను పుట్టించునా, లేదా? అంతకు మించి అది చెప్పదు. 1977 జాబితాలో మిథైల్ క్లోరోఫారమనునది ఒకటి. నేల దగ్గర అది నిర్దోషి. కాని మారక నిలిచియుండు ఆ గుణమే దానిని ఆకాశపు పైపొరలకు చేర్చి, మనలను ఎండలోని తీక్ష్ణకిరణముల నుండి కాపాడు ఓజోను పొరను కరగించినది. మాంట్రియల్ ఒప్పందము క్రింద 1996 నాటికి ధనిక దేశములు దాని తయారీని ఆపవలసి వచ్చినది. మిథిలీన్ క్లోరైడు సంగతి ఇంకను చేదు. పాతరంగు ఊడదీయుటకు వాడు ఈ ద్రవము కూడ మినహాయింపు పొందినదే. మూసిన గదులలో దానిని వాడి పనివారు ప్రాణములు కోల్పోయిరి. శరీరములో అది కార్బన్ మోనాక్సైడుగా మారును. 2019లో అమెరికాలో ఇంటి వాడకమునకు దానితో చేసిన రంగు తీయు మందుల అమ్మకమును నిషేధించి, 2024లో నిషేధమును ఇంకను విస్తరింపజేసిరి.

మీ చేతికి తరచుగా వచ్చునది అసిటోను. పైపు జిగురులలో అనేకమునందు, నెయిల్ పాలిషు తీయు ద్రవమునందు అదియుండును. విషగుణమున అది పై రెండింటి కంటె చాల మేలు. కాని నిప్పు విషయమున పెట్రోలుకు తీసిపోదు: సున్నకు దిగువ సుమారు 20 డిగ్రీల చలిలో కూడ దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకొనును. ఆ ఆవిరి గాలి కంటె రెండింతలు బరువైనది గనుక గోతులలోను పాతబావులలోను అడుగున చేరును. కాబట్టి బావిలోనికి దింపు పైపును గట్టుపైననే అతికించి, అది ఆరిన పిదప దింపుడు. గోతిలో అతికించక తప్పనిచో గాలి ఆడునట్లు చూచి, పైన ఒక మనిషిని ఉంచుడు. ఆ సమయమున బీడీ వెలిగించుట, ప్రక్కనే మోటారు స్టార్టరు నొక్కుట కూడదు. జిగురు చిక్కబడినచో పెట్రోలు గాని థిన్నరు గాని కలుపవద్దు. క్రొత్త డబ్బా కొనుడు. చేతికంటిన జిగురును థిన్నరుతో కడుగుటకు బదులు, సబ్బు నీటితో ఓపికగా రుద్దుడు.

ఇ.సి. మందుల విషయము దీనికి ఎదురు. వానిలో పూర్వము నుండి వాడుచున్న జైలీను వంటి ద్రావణులకు మినహాయింపు లేదు, అవి చురుకైనవి. కాలిఫోర్నియాలోని సాన్ వాకిన్ లోయలో మే మొదలు అక్టోబరు వరకు, అబామెక్టిన్, ఆక్సీఫ్లోర్ఫెన్ వంటి మందులలో ద్రావణి యెక్కువగా నుండు రూపముల వాడకమును కొన్ని పంటలపై కట్టడి చేసిరి. మందు అదే, రూపము వేరు. మన అంగళ్ళలోను కొన్ని మందులు నీటి ఆధారమైన ఎస్.సి. రూపమున, నీటిలో విడిపోవు గుళికలుగా డబ్ల్యు.జి. రూపమున దొరకుచున్నవి. మీ పంటకు సిఫార్సు చేసిన మందు రెండు రూపములలోను దొరకినచో, ధరలో తేడా కొద్దిగానే యున్నచో, ఇ.సి.కి బదులు వీనిని కొనవచ్చును. మోతాదు మాత్రము ఆ రూపపు చీటీపై వ్రాసినదే వాడవలెను; ఇ.సి. మోతాదును దీనికి వర్తింపజేయరాదు.