ఓరుగల్లు శిథిలాల బాటలో

పాఠ్యభాగ ఉద్దేశం

కాకతీయుల నాటి నిర్మాణాలు ఓరుగల్లు పరిసర పల్లెలలో చెరువుకట్టల మీద, పొలాల నడుమ, అడవి అంచులలో నేటికీ కనిపిస్తాయి. సైకిలు యాత్ర ద్వారా వాటిని దర్శించే తీరును, ఆ యాత్రలో పాటించవలసిన బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

ఇటలీ రాజధాని రోము నగరం నుండి దక్షిణంగా సాగే అప్పియా మార్గం ప్రపంచంలోని ప్రాచీన రహదారులలో ఒకటి. క్రీస్తుపూర్వం 312లో రోమన్లు దాని నిర్మాణాన్ని ప్రారంభించారు. రాతిపలకలు పరచిన ఆ బాటకు ఇరువైపుల సమాధి మందిరాలు, శిథిల కట్టడాలు నిలిచి ఉన్నాయి. దేశదేశాల యాత్రికులు సైకిళ్ళపై ఆ బాటలో సాగుతూ వాటిని దర్శిస్తారు. 2024లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అటువంటి యాత్రకు అనువైన నేల తెలుగుదేశంలోనూ ఉన్నది. అదే కాకతీయుల ఓరుగల్లు.

రాళ్ళబాటలకు, మట్టిదారులకు తగిన సైకిళ్ళు 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా కొండప్రాంతంలో రూపుదిద్దుకొన్నాయి. వెడల్పైన టైర్లు, దృఢమైన చట్రం, ఎత్తుపల్లాలకు అనుగుణంగా మార్చుకొనే గేర్లు వాటి ప్రత్యేకతలు. 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ సైకిళ్ళ పోటీకి స్థానం లభించింది. అయితే ఓరుగల్లు పల్లెదారులకు ఖరీదైన సైకిలే కావాలన్న నియమం లేదు. పాలక్యాన్లు మోసే మామూలు సైకిలు కూడా ఆ దారులన్నీ ఎరిగినదే. మోటారు వాహనానికి అందని కాలిబాటలో సైకిలు సాగుతుంది. కాలినడకకు అందని దూరాన్ని అది ఒక్కనాటిలో చుట్టివస్తుంది. శిథిలాలను చూడగోరేవారికి ఈ మధ్యస్థ వేగమే మేలు.

యాత్రకు తొలి మజిలీ హనుమకొండ. 1163లో కాకతి రుద్రదేవుడు ఇక్కడ వేయిస్తంభాల గుడిని నిర్మింపజేశాడు. ఇది శివుడు, విష్ణువు, సూర్యుడు కొలువైన త్రికూటాలయం. ఇక్కడి నుండి ఓరుగల్లు కోటకు సైకిలుపై గంట లోపే చేరవచ్చు. గణపతిదేవుని కాలంలో రాజధాని హనుమకొండ నుండి ఓరుగల్లుకు మారింది. ఆయన చేపట్టిన కోటను కుమార్తె రుద్రమదేవి మరింత దృఢపరచింది. లోపలి రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, దానిని చుట్టి ఉన్న మట్టికోట వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. రెండింటికీ అగడ్తలు ఉన్నాయి.

రాతికోట ద్వారం వద్ద సైకిలు యాత్రికునికి ఒక పాఠం లభిస్తుంది. దారి తిన్నగా లోపలికి పోదు. రెండు గోడల నడుమ వంపు తిరిగి, మళ్ళీ మలుపు తీసుకొని గాని ముందుకు సాగదు. దూసుకువచ్చే శత్రువుల గుర్రాల వేగాన్ని అణచడానికి నాటి నిర్మాతలు చేసిన ఏర్పాటు ఇది. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా ఆ మలుపు తన పని తాను చేస్తూనే ఉన్నది. అక్కడ ఎంతటి వేగగామి అయినా బ్రేకు వేయక తప్పదు. పుస్తకంలో చదివిన కోట నిర్మాణం అక్కడ అనుభవంలోకి వస్తుంది.

కోట మధ్యభాగంలో నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణాలు మహోన్నతంగా నిలిచి ఉన్నాయి. వాటి నడుమ ఉండిన స్వయంభూ దేవాలయం నేలమట్టమైనది. 1323లో ఢిల్లీ సైన్యాలకు ఓరుగల్లు వశమై ప్రతాపరుద్రునితో కాకతీయ పాలన ముగిసింది. గుడి కూలినా తోరణాలు నిలిచాయి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం తన అధికార చిహ్నంలో ఆ తోరణానికి స్థానం కల్పించింది.

నగరం దాటి ములుగు దారి పట్టినప్పుడు అసలైన యాత్ర మొదలవుతుంది. కటాక్షపురం వద్ద పెద్ద చెరువు, దాని చెంతనే కాకతీయుల నాటి శిథిలాలయాలు కనిపిస్తాయి. మరికొంత దూరంలో జాకారం గ్రామంలోనూ ఆనాటి ఆలయం ఉన్నది. వరంగల్లు నుండి సుమారు 65 కిలోమీటర్లు సాగితే పాలంపేట వస్తుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో అక్కడ నిర్మించిన రామప్ప దేవాలయం లోకప్రసిద్ధం. ఎర్రని ఇసుకరాతి గోడలు, నల్లరాతి మదనికల శిల్పాలు, శిఖరంలో వాడిన తేలికైన ఇటుకలు నాటి శిల్పుల ప్రతిభకు నిదర్శనాలు. 2021లో యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఇంకా ముందుకు వెళితే గణపురం కోటగుళ్ళు దర్శనమిస్తాయి.

బస్సులో వచ్చినవారు రామప్ప గుడిని చూసి తిరిగిపోతారు. సైకిలుపై వచ్చినవారికి గుడితోపాటు దాని సమీపంలోని రామప్ప చెరువు, ఆ చెరువు నీటితో పండే పొలాలు, ఆ పొలాలపై బ్రతికే ఊళ్ళు కూడా కనిపిస్తాయి. చెరువు, గుడి, ఊరు అనే మూడింటిని కాకతీయులు కలిపి పెంచారని అప్పుడు బోధపడుతుంది. చెరువు పంటనిచ్చింది. పంట ఊరిని నిలిపింది. ఊరు గుడిని పోషించింది. నర్సంపేట ప్రాంతంలోని పాఖాల, గోవిందరావుపేట ప్రాంతంలోని లక్నవరం చెరువులు కూడా కాకతీయుల కాలానివే. ఏడు శతాబ్దాల క్రితం రాజ్యం అంతరించినా, వారి చెరువులు నేటికీ పొలాలకు నీరందిస్తున్నాయి. కాబట్టి ఈ నేలలోని గతం పూర్తిగా శిథిలం కాలేదు. అందులో సగం ఇంకా బ్రతికి పనిచేస్తున్నది.

అయితే ఈ యాత్రలో ఒక ప్రమాదం దాగి ఉన్నది. మట్టికోట వాలు సైకిలు పందేలకు ఉత్సాహం పుట్టిస్తుంది. తడినేలపై టైరు గీసిన గాడిలోకి వాననీరు చేరుతుంది. గాడి కాలువ అవుతుంది; కాలువ కోతకు దారితీస్తుంది. చెరువుకట్టకూ అదే గతి పడుతుంది. విడిపోయిన శిల్పఖండంపై నిలబడి ఛాయాచిత్రం తీయించుకోవడం, స్తంభాలపై పేర్లు చెక్కడం కూడా వినాశనమే. మారుమూల ఆలయాలలో గుప్తనిధుల ఆశతో గర్భగుడిని త్రవ్వే దుండగులు చేసే హాని ఇంకా పెద్దది.

చెడగొట్టడం క్షణంలో పని, నిలబెట్టడం తరాల పని. వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని పునరుద్ధరణ కోసం 2006లో విప్పదీశారు. రాయి రాయి పేర్చి తిరిగి నిలిపి, ప్రజలకు అందించేసరికి 2024వ సంవత్సరం వచ్చింది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికే అంత కాలం పట్టింది. ఏ రక్షణా లేని పొలం నడిమి గుడి కూలిపోతే దానిని లేపే నాథుడెవరు? వారసత్వ సంపదను గౌరవించి కాపాడడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని భారత రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది.

ఆ విధిని నెరవేర్చడానికి సైకిలు యాత్రికునికి మంచి అవకాశం ఉన్నది. అధికారి ఏడాదికొకసారి కూడా రాలేని చోటికి అతడు నెలకొకసారి రాగలడు. గోడపై మొలిచిన రావిమొక్కను, కొత్తగా త్రవ్విన గుంతను గుర్తించి గ్రామపంచాయతీకి, పురావస్తుశాఖకు తెలుపగలడు. సైకిలును దూరాన నిలిపి, గుడిలోకి కాలినడకన పోవడం అతని మర్యాద. రైతు గట్టును త్రొక్కకుండా, ఊరి పెద్దను పలకరించి ముందుకు సాగడం అతని సంస్కారం. అటువంటి యాత్రికుని వెనుక మిగిలేది సన్నని చక్రపు జాడ మాత్రమే. మరునాటి వానకు అది కూడా చెరిగిపోవాలి. గుడి మాత్రం నిలవాలి.

కఠిన పదాలు – అర్థాలు

అగడ్త = కోట చుట్టూ త్రవ్విన కందకం
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
త్రికూటాలయం = మూడు గర్భగుడులు గల ఆలయం
మదనిక = ఆలయ స్తంభాలకు అమర్చిన స్త్రీమూర్తి శిల్పం
గుప్తనిధి = దాచిపెట్టిన ధనం

వ్యాకరణాంశాలు

శిథిలాలయం = శిథిల + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
మహోన్నతం = మహా + ఉన్నతం – గుణ సంధి
రాతికోట = రాతితో కోట – తృతీయా తత్పురుష సమాసం

అభ్యాసం

1. చెరువు, గుడి, ఊరు – ఈ మూడింటి సంబంధాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. ఓరుగల్లు కోట ద్వారంలోని మలుపుల ప్రయోజనం ఏమిటి?
3. శిథిలాలకు సైకిలు యాత్ర వల్ల కలిగే కీడును, మేలును పోల్చి వ్రాయండి.
4. రామప్ప దేవాలయాన్ని ఎవరు, ఎప్పుడు నిర్మించారు?
5. మీ ఊరి సమీపంలోని ఒక పాత కట్టడాన్ని దర్శించి, దాని స్థితిని పది వాక్యాలలో వ్రాయండి.