లోలకం ఊగడం ఆగట్లేదు

ప్రశ్న: ములుగులో 2024 డిసెంబర్ 4న 5.3 తీవ్రతతో భూమి కంపించాక, ఆసక్తితో ఇంట్లోనే అడ్డలోలకం భూకంపమాపకం తయారుచేశాను. తలుపు వేస్తే చాలు, నిమిషాల తరబడి ఊగుతోంది. పైగా అది నమోదుచేసే గీత రోజంతా పక్కకు జారుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులండీ. ఊపు ఆగకపోవడానికి కారణం దాన్ని అణిచే ఏర్పాటు చాలకపోవడం. కడ్డీ చివర రాగి లేదా అల్యూమినియం పలక బిగించి, బలమైన అయస్కాంతాల మధ్య ఆడనివ్వండి. పలక కదిలినప్పుడు అందులో పుట్టే సుడి విద్యుత్తే బ్రేకు వేస్తుంది. కడ్డీని కాస్త జరిపి వదిలితే ఒకటి రెండు ఊపుల్లో నిలవాలి. అందాకా అయస్కాంతాలను దగ్గరికి జరుపుతూ పోండి. ఇనుప రేకు మాత్రం పెట్టకండి, అతుక్కుపోతుంది.

గీత జారడం ఎక్కువగా ఎండ, గాలి చేసే పని. పరికరాన్ని బల్ల మీద కాక కింది అంతస్తు నేల మీద పెట్టి, థర్మోకోల్ పెట్టెతో సందుల్లేకుండా మూయండి. ఒక్కో ఊపుకు పట్టే కాలం 15 సెకన్లు చాలు. ఇంకా పెంచాలని ఆశపడితే నేల వెంట్రుకవాసి వంగినా గీత పారిపోతుంది.

ఇలాంటి లోలకం దూరపు పెద్ద భూకంపాలకే బాగా పనికొస్తుంది. దగ్గరి చిన్న ప్రకంపనలకు జియోఫోన్ అనే సెన్సర్ మేలు.

అంతా సర్దాక రాత్రిపూట గీతను పెద్దదిచేసి చూడండి. సుమారు ఆరు సెకన్లకోసారి సన్నని అల కనిపిస్తే, అది సముద్రపు అలలు నేలను కదిలించడం. బంగాళాఖాతంలో తుపాను ఉంటే ఇంకా లావవుతుంది. దాన్ని లోపమనుకుని మళ్లీ విప్పకండి.