పెరటిలో క్రీడాంగణం

అమెరికా దేశపు వాయవ్య కొసన, సియాటిల్ నగరానికి ఎదురుగా, సముద్రపు పాయకు ఆవల బెయిన్‌బ్రిడ్జ్ అనే చిన్న ద్వీపం ఉంది. 1965 వేసవిలో ఒకనాడు జోయెల్ ప్రిచర్డ్, ఆయన మిత్రుడు బిల్ బెల్ అక్కడి ప్రిచర్డ్ ఇంటికి తిరిగి వచ్చేసరికి పిల్లలు ఏమీ తోచక విసుగెత్తి కూర్చుని ఉన్నారు. ఇంటి ఆవరణలో పాత బ్యాడ్మింటన్ కోర్టు ఉంది గాని ఆడడానికి తగిన సామగ్రి లేదు. వెదకగా టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లులున్న ఒక ప్లాస్టిక్ బంతి దొరికాయి. వాటితోనే ఆట మొదలుపెట్టారు. వల మొదట బ్యాడ్మింటన్ ఎత్తున, అంటే 60 అంగుళాల మీద ఉండేది. బంతి గట్టి నేల మీద చక్కగా లేస్తున్నదని గమనించి 36 అంగుళాలకు దించారు. మరుసటి వారాంతంలో బార్నీ మెక్‌కాలమ్ అనే మరొక మిత్రుడు వారితో చేరాడు. ముగ్గురూ కలిసి నియమాలు ఏర్పరచారు. అదే నేటి పికిల్‌బాల్.

పేరు వినగానే మనకు ఊరగాయ జాడీ గుర్తుకు రావడం సహజం. ఆ పేరు పడవ పందేల పరిభాష నుండి వచ్చిందని ప్రిచర్డ్ కుటుంబం, వారి కుక్కపిల్ల పేరునుబట్టి వచ్చిందని మెక్‌కాలమ్ చెప్పారు. పుట్టిన కొన్ని దశాబ్దాలకే నామకరణంపై ఇంత వివాదం ఉంటే, వేయేళ్ళనాటి కవుల కాలనిర్ణయం కోసం మేము పడే తగవులను మీరు క్షమించవచ్చు!

1967లో ప్రిచర్డ్ పొరుగున ఉన్న బాబ్ ఓబ్రియన్ ఇంటి పెరటిలో ఈ ఆటకు తొలి శాశ్వత కోర్టు నిర్మించారు. 2022లో వాషింగ్టన్ రాష్ట్రం పికిల్‌బాల్‌ను తన అధికారిక క్రీడగా ప్రకటించింది. పెరటిలో పుట్టిన ఆట గనుక నేటికీ అనేకులు తమ ఇంటి ఆవరణలోనే కోర్టు కట్టుకోవాలని కోరుకుంటున్నారు. అలా కోరుకున్నవారిలో మా అన్నయ్య ఒకడు.

మా ఊరు తెనాలికి దగ్గర. అమ్మ పోయిన తరువాత పెద్ద ఇంట్లో అన్నయ్య, వదినగారు మాత్రమే మిగిలారు. వారి అబ్బాయి ఉద్యోగరీత్యా సియాటిల్‌లో ఉంటున్నాడు. 2021 చివర సెలవులకు వచ్చినప్పుడు నాలుగు బ్యాట్లు, డజను బంతులు తెచ్చాడు. "బాబాయ్, నాన్న ఎవరితోనూ మాట్లాడకుండా రోజంతా టీవీ ముందు కూర్చుంటున్నాడు. దొడ్డి ఖాళీగానే ఉంది కదా, అక్కడ కోర్టు వేయిద్దాం" అన్నాడు. పశువుల కొట్టం పడగొట్టి పదేళ్ళు దాటింది. ఆ స్థలమంతా పిచ్చిమొక్కలతో నిండి ఉంది. అందరికీ ఆలోచన నచ్చింది.

క్రీడాంగణం అనే మాటను విడదీస్తే క్రీడా, అంగణం అవుతుంది. సవర్ణదీర్ఘ సంధి. అంగణమంటే ముంగిలి. మనం గీతలు గీసిన దీర్ఘచతురస్రాన్నే కోర్టు అనుకుంటాం గాని, నిజానికి ఆటగాడు పరుగెత్తడానికి, ఆగడానికి, తప్పుకోవడానికి కావలసిన ముంగిలి కూడా అందులో భాగమే. పికిల్‌బాల్ గీతల మధ్య స్థలం 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతలూ ఇవే. అయితే కనీసం 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు చదునైన నేల ఉండాలి. అప్పుడే ఇరుపక్కల ఐదేసి అడుగులు, వెనుక ఎనిమిదేసి అడుగులు ఖాళీ మిగులుతుంది. వీలైతే 34 అడుగులు, 64 అడుగులు మేలు. మన లెక్కలో చెప్పాలంటే మొదటిది సరిగ్గా 200 గజాల స్థలం, రెండవది ఇంచుమించు ఐదు సెంట్లు. గీతల మధ్యనున్నది 880 చదరపు అడుగులే. కనీస స్థలంలో సగానికి పైగా గీతల వెలుపలే ఉంటుందన్నమాట.

మా దొడ్డి తూర్పు పడమరలుగా 52 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 78 అడుగులు. కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. లేకుంటే ఉదయం ఒకరికి, సాయంత్రం మరొకరికి సూర్యుడు కంట్లో పడతాడు. ఆ విషయంలో మాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది వేపచెట్టుతో వచ్చింది. దక్షిణపు గోడకు 12 అడుగుల దూరంలో నాన్న నాటిన వేప ఉంది. 64 అడుగుల పొడవున పలక పోస్తే అది చెట్టు మొదలుకు రెండడుగుల దాకా వస్తుంది. "కొట్టేద్దామా?" అని అన్నయ్య నన్నడిగాడు. నేను సమాధానం చెప్పలేదు. కాసేపటికి తానే టేపు మడిచి, "అరవై చాలులే" అన్నాడు. చెట్టుకూ పలకకూ మధ్య ఆరడుగులు మిగిలాయి.

తరువాత మేము చేసిన తప్పును దాచకుండా చెప్పడమే న్యాయం. కృష్ణా డెల్టాలో మా ప్రాంతపు నేల నల్లమట్టి. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. వరికి బంగారం వంటిది, కాంక్రీటుకు పగవాని వంటిది. వేసవిలో పొలం గట్టున నిలబడి ఆ నెర్రెల్లో కర్ర దూర్చి ఆడుకున్న మాకు ఈ సంగతి తెలియనిది కాదు. అయినా, "నాలుగంగుళాల కాంక్రీటు, లోపల ఇనుప కడ్డీలు ఉంటే అడుగున మట్టి ఏదైతే ఏమండీ" అని పని ఒప్పుకున్న వ్యక్తి అంటే తలలూపాం. మట్టి తవ్వి మార్చే ఖర్చు మిగులుతుందన్న ఆశే మా చేత తల ఊపించింది. 2022 మే నెలలో తూర్పు గోడ పక్కన పలక పోశారు. పైభాగాన వాలు కూడా పెట్టలేదు. జూలై వానలకు నీళ్ళు అక్కడక్కడ నిలిచాయి. అంచుల కింద మట్టి నాని ఉబ్బింది, నడుమ మట్టి పొడిగానే ఉండిపోయింది. మరుసటి ఏప్రిల్ నాటికి పలక అడ్డంగా చీలింది. చీలికకు ఒక వైపు అర అంగుళం పైకి లేచింది.

అర అంగుళం ఎంత? చేతివేలి మందమైనా ఉండదు. వెనక్కి నడుస్తూ బంతిని అందుకోబోయిన అన్నయ్య మడమ ఆ అంచుకు తగిలింది. చెయ్యి ఆనించి పడ్డాడు. మణికట్టు ఎముక విరిగింది. అప్పటికి ఆయన వయస్సు అరవై మూడు. ఆరు వారాలు కట్టుతో కూర్చున్నాడు. ఆ కాలమంతా అబ్బాయి రోజూ ఫోన్ చేసి, తనవల్లనే ఇలా జరిగిందని బాధపడేవాడు. దొడ్డి తలుపుకు వదినగారు తాళం వేశారు.

తాళం మళ్ళీ తీయించినది అన్నయ్యే. ఈసారి ఆనకట్ట పనుల్లో తలపండిన ఒక ముసలి మేస్త్రిని పిలిపించాడు. ఆయన పగిలిన పలకను చూసి నవ్వలేదు, ఎవరినీ నిందించలేదు. గునపంతో ఒక మూల తవ్వి, మట్టిని పిడికిట్లో నలిపి, "మూడడుగులు తీయాల్సిందేనండీ" అన్నాడు. 30 అడుగులు, 60 అడుగులు, 3 అడుగులు. హెచ్చవేస్తే 5,400 ఘనపుటడుగులు, అంటే 54 యూనిట్ల మట్టి. దానిని ట్రాక్టర్లలో తరలించి, ఆ గోతిలో గ్రావెల్ నింపారు. నింపడమంటే ఒకేసారి కుమ్మరించడం కాదు. ఆరంగుళాల మందాన పరచడం, నీళ్ళు చల్లడం, రోలరుతో తొక్కించడం, మళ్ళీ పరచడం. అలా ఆరు పొరలు వేశారు. దానిపైన నాలుగంగుళాల కంకర పొర, ఆపైన తేమ పైకి రాకుండా ప్లాస్టిక్ పట్ట, ఆపైన కడ్డీల అల్లిక, చివర నాలుగంగుళాల కాంక్రీటు. కాంక్రీటు 600 ఘనపుటడుగులు, అంటే సుమారు 17 ఘనపు మీటర్లు. మీటరుకు ఎనిమిది బస్తాల చొప్పున సిమెంటు 136 బస్తాలు అయింది. భూమిపైన కనబడేది ఆ నాలుగంగుళాలే. శ్రమలో, ఖర్చులో అధికభాగం కంటికి కనబడని చోట చేరింది.

వాలు విషయంలో మేస్త్రి మరీ పట్టుదల మనిషి. పది అడుగులకు ఒక అంగుళం చొప్పున, ముప్ఫై అడుగుల వెడల్పుకు మూడంగుళాలు వాలు ఉండాలి. అది ఒక పక్క నుండి మరొక పక్కకు ఏకంగా సాగాలి. వల దగ్గర ఎత్తు చేసి రెండు వైపులా వాల్చితే ఆటగాళ్ళిద్దరూ ఎగువకు కొట్టినట్లవుతుంది. నీళ్ళు నింపిన సన్నని గొట్టం పట్టుకుని ఆయన నాలుగు మూలలా మట్టం చూశాడు. చిన్న చిన్న దూరాలకు రసమట్టం వాడాడు. మూడంగుళాల వాలు కంటికి ఆనదు, కాలికి తెలియదు. నీటికి మాత్రం తెలుస్తుంది.

పలక పోసిన మరునాడు దాని మీద మట్టితో గట్లు వేసి, వరిమడుల్లాగా నీళ్ళు నిలిపారు. రెండు వారాలు అలా ఉంచారు. ఆ నీళ్ళలో వేపాకులు తేలుతుంటే చూసి వదినగారు, "నాట్లు ఎప్పుడు?" అని అన్నయ్యను ఎగతాళి చేశారు. తాళం వేసిన తరువాత ఆమె దొడ్డిలోకి రావడం అదే మొదలు.

ఈసారి కోర్టును తూర్పు గోడ నుండి పడమటికి జరిపాము. దానికి కారణం పక్కింటి పిన్నిగారు. ఎనభై ఏళ్ళకు చేరువలో ఉన్న ఆమె పడకగది కిటికీ మా తూర్పు గోడకు ఆనుకునే ఉంటుంది. గట్టి బ్యాటుకు ప్లాస్టిక్ బంతి తగిలినప్పుడు వచ్చే టక్కుమనే శబ్దం టెన్నిస్ బంతి శబ్దం వలె మెత్తగా ఉండదు. అమెరికాలో ఈ శబ్దం గురించి ఇరుగుపొరుగుల నడుమ తగాదాలు న్యాయస్థానాల దాకా వెళ్ళాయి. పిన్నిగారు న్యాయస్థానానికి వెళ్ళలేదు. మొదటి కోర్టున్న ఏడాదీ మాతో ఒక్క మాటైనా అనలేదు. పలక పగిలిన తరువాత పరామర్శకు వచ్చి, "పోనీలే నాయనా, మధ్యాహ్నాలు కాస్త కన్ను మూతపడుతోంది" అన్నారు. ఆమె మామూలుగానే అన్నారు. అన్నయ్య తలవంచుకున్నాడు. నేను చదివిన కావ్యాలలో ఇంతటి మృదువైన అధిక్షేపం చాలా అరుదు. ఇప్పుడు కోర్టుకూ ఆ గోడకూ మధ్య 20 అడుగులకు పైగా ఎడం ఉంది. వాలు నీటిని కాలువలో పారించి, గోడ దగ్గరి అరటిచెట్లకు మళ్ళించాము. ఉదయం ఆరు నుండి ఎనిమిది వరకు, సాయంత్రం ఐదు నుండి ఏడు వరకు మాత్రమే ఆట.

చెట్టును ఉంచినందుకు వెల చెల్లించక తప్పలేదు. ఆకు రాలినప్పుడు రోజూ ఊడ్చాలి. పండ్లు రాలే నెలలో రెండుసార్లు ఊడ్చాలి. వేళ్ళు ఏనాటికైనా పలక వైపు రావచ్చునని మేస్త్రి హెచ్చరించాడు. చెట్టుకూ పలకకూ మధ్య లోతైన కందకం తవ్వించి, పాత పలక ముక్కలను అందులో నిలువుగా పాతించాడు.

కాంక్రీటు పూర్తిగా గట్టిపడడానికి 28 రోజులు ఆగి, ఆ తరువాత పరీక్షకు నీళ్ళు వదిలాము. ఒక గంట ఎండ తగిలిన తరువాత ఎక్కడైనా ఒక నాణెం మునిగేంత నీరు నిలిచి ఉంటే అక్కడ నేల లోపమున్నట్లు లెక్క. ఈశాన్యపు మూలకు దగ్గరగా ఒకచోట రూపాయి బిళ్ళ మునిగింది. మేస్త్రి ముఖం చిన్నబోయింది. ఆ గుంటను పూడ్చి, నునుపు చేసి, మళ్ళీ నీళ్ళు వదిలి చూసేదాకా రంగు డబ్బా మూత తీయనివ్వలేదు.

గీతలు గీసేందుకు సెలవుపెట్టి నేను వెళ్ళాను. దీర్ఘచతురస్రపు కర్ణాన్ని గురించి బౌధాయన శుల్బసూత్రం చెప్పినది తరగతిలో ఎన్నోసార్లు వివరించాను గాని చేత్తో చేసి చూసినది ఆనాడే. శుల్బమంటే తాడు. 20 అడుగులు, 44 అడుగుల భుజాలున్న దీర్ఘచతురస్రపు కర్ణం 48 అడుగుల 4 అంగుళాలు రావాలి. తాడు పట్టి చూస్తే ఒక కర్ణం అంగుళంన్నర ఎక్కువ వచ్చింది, రెండవది ఆ మేరకు తగ్గింది. మూలలు సవరించి మళ్ళీ పట్టాము. నాలుగవసారికి రెండూ సమానమయ్యాయి. వలకు ఇరువైపులా ఏడేసి అడుగుల దూరాన అడ్డగీతలు గీశాము. ఆ గీత లోపల నిలబడి, నేల తాకని బంతిని కొట్టరాదు. ఆ భాగాన్ని ఆటగాళ్ళు కిచెన్ అంటారు. వెనుక మిగిలిన 15 అడుగులను నిలువుగా రెండు భాగాలు చేశాము. గీతలన్నీ రెండంగుళాల వెడల్పు. వల అంచుల దగ్గర 36 అంగుళాలు, నడుమ 34 అంగుళాలు.

పని ముగిసేసరికి చీకటి పడింది. మరునాడు ఉదయం ఆరు గంటలకు వదినగారు కొంగు బిగించి, బ్యాటు పట్టుకుని కోర్టు దక్షిణపు కొసన నిలబడ్డారు. మణికట్టుకు పట్టీ చుట్టుకుని అన్నయ్య అవతలి కొసకు నడిచాడు.