గంజి కాదురా, జావ

కవిటి

శ్రీనూ,

నీకు జ్వరమొచ్చినప్పుడు నీ గదిలో ఉంటున్న చీనా కుర్రాడు గంజి కాచి పెట్టాడనీ, ఇప్పుడతను పడకేశాడు గనక మన గంజి కాచి ఇస్తాననీ ఫోన్లో అన్నావు. పెళ్ళివారింటి గోలలో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను.

ముందు ఆ మాట సరిచేసుకో. గంజి అంటే అన్నం వార్చిన నీళ్ళు. కుక్కర్లొచ్చాక వార్చడమూ లేదు, గంజీ లేదు. మీ తాతయ్య ఉన్నన్నాళ్ళూ ఇంట్లో గంజి సగం ఆయన పొందూరు పంచెలకే పోయేది. ఆ కుర్రాడు నీకు పెట్టింది గింజ విచ్చిపోయేదాకా ఉడికించిన జావ. ఇంగ్లీషులో దాన్ని ‘కాంజీ’ అంటారు. ఆ మాట చీనాది కాదు, తమిళుల ‘కంజి’. మన గంజికి చుట్టమే.

గుప్పెడు బియ్యం అరగంట నానబెట్టి చేత్తో నలుపు, నూకలవుతాయి. ఒక వంతు నూకలకి 10 వంతుల నీళ్ళు, ముందే పోసెయ్యి. కొత్తకోడలిగా ఉన్నప్పుడు జావ చిక్కబడిందని చివర్లో చన్నీళ్ళు పోశాను. మెతుకు ఒక దారి, నీళ్ళు ఒక దారి. మా అత్తగారు ఏమీ అనలేదు, తాగనూ లేదు. పలచన చెయ్యాలంటే వేన్నీళ్ళే పొయ్యి. సన్నసెగ మీద అరగంట పైనే పడుతుంది, అడుగంటకుండా తిప్పుతూ ఉండు. ఉప్పు దించబోయే ముందు.

ఉద్దానం వాళ్ళం కదా, కిడ్నీ జబ్బు సంగతి చెప్పకుండా ఉండలేను. కిడ్నీ జబ్బున్న మనిషైతే డాక్టరు చెప్పినంతే ఉప్పు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి జావ కూడా తాగే నీళ్ళ లెక్కలోకే వస్తుంది. మీ పెదనాన్నకి గ్లాసుతో కొలిచి ఇచ్చేదాన్ని. ఇంకొంచెం పొయ్యమని ఒక్కనాడూ అడగలేదాయన.

పొగలు తగ్గాక ఇయ్యి. సగం తాగి పక్కన పెడితే ఊరుకో, వెంటపడకు. నంజుకోడానికి అల్లం ముక్క, కాల్చిన అప్పడం చాలు. మజ్జిగ పడుతుందో లేదో అడిగి కలుపు. నీ ఆవకాయ సీసా మాత్రం అలమారలోనే ఉంచు. వాంతులు కట్టకపోయినా, జ్వరం దిగకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, జావనే నమ్ముకుని కూర్చోకు.

లేచి తిరుగుతున్నప్పుడు చోడి అంబలి కాచి పెట్టు. పోయినసారి నీ పెట్టెలో రెండు కిలోల చోడిపిండి సర్దాను, మూట విప్పావో లేదో.

అతను నీకు పెట్టిన దాంట్లో ఏమేం వేశాడో అడిగి రాయి. ఇంట్లో నూకలున్నాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ