నారింజరంగు కప్పు

అమెరికా సంయుక్త రాష్ట్రములు మిక్కిలి విశాలమైన దేశము. తూర్పు సముద్రతీరమునుండి పడమటి తీరమునకు దాదాపు 4,500 కిలోమీటర్ల దూరము కలదు. అందలి ప్రజలలో ఎక్కువమంది ఒకే భాషను మాటలాడుదురు గాని, అందరును ఒకే కూడు తినరు.

దక్షిణ రాష్ట్రములవారు ఉదయమున మొక్కజొన్న రవ్వను మెత్తగా ఉడికించి, వెన్న వేసికొని తిందురు. దానిని 'గ్రిట్స్' అందురు. రాయలసీమవాసికి రాగిసంకటి యెట్టిదో, జార్జియావాసికి గ్రిట్స్ అట్టిది. ఉత్తరమున మంచు దట్టముగా కురియు మిన్నెసోటాలో మాంసము, కూరగాయలు, డబ్బాలలో వచ్చు పుట్టగొడుగుల చారు కలిపి పొయ్యిలో కాల్చిన 'హాట్‌డిష్' ప్రీతికరము. 'బార్బెక్యూ' అను మాట దేశమంతట వినబడును. కాని టెక్సాసులో అది గంటల తరబడి కట్టెల సెగపై కాలిన గొడ్డుమాంసము. ఉత్తర కరోలినా తూర్పు భాగమున సిర్కా, మిరపపొడి చల్లిన పందిమాంసము. రెండవదానిని మొదటివారు బార్బెక్యూ అని ఒప్పుకొనుట కష్టమే.

ఈశాన్యమున న్యూ ఇంగ్లండు రాష్ట్రములవారు పాలు, బంగాళాదుంపలు, ఆల్చిప్పల మాంసము కలిపి చిక్కగా కాచిన చారును 'చౌడరు' అందురు. న్యూయార్కువారు అందు పాలకు మారుగా టొమాటో వేయుదురు. ఇది అల్పభేదమని తోచవచ్చును. అయినను 1939లో మెయిన్ రాష్ట్ర శాసనసభలో ఒక సభ్యుడు చౌడరులో టొమాటో వేయుటను చట్టవిరుద్ధము చేయవలెనని బిల్లునే ప్రవేశపెట్టెను! రుచులయెడ మనుష్యులకు గల పట్టుదల అంతటిది. జబ్బుపడి లేచినప్పుడును, మనస్సు నొచ్చినప్పుడును, దూరదేశమునుండి యిల్లు చేరినప్పుడును నోరు చిన్ననాటి వంటనే కోరును.

దక్షిణాది వంటకు మరియొక చరిత్ర కలదు. ఆ ప్రాంతమువారు ఇష్టముగా తిను బెండకాయ, బొబ్బర్లు ఆఫ్రికా ఖండమునుండి వచ్చినవి. అచ్చటినుండి బానిసలుగా తేబడిన నల్లజాతివారితోపాటు వారి వంటయు సముద్రము దాటినది. 'గంబో' అను పులుసు పేరు బెండకాయకు ఆఫ్రికా భాషలలో గల పేరునుండి పుట్టినదని భాషావేత్తలందురు. నూతన సంవత్సర దినమున బొబ్బర్లు, బియ్యము కలిపి వండిన అన్నము తిన్నచో ఆ యేడు కలిసివచ్చునని దక్షిణాదివారి నమ్మకము. తెల్లదొరల యిండ్లలో తరతరములు గరిటె పట్టినది నల్లవారి చేయియే. ఈ సంగతిని ముందు జరిగిన కథకొరకు గుర్తుంచుకొనవలెను.

ఊరికొక రుచి యుండుట ఊరివారికి సంతోషమే. బాటసారికి మాత్రము చిక్కు. తెలియని ఊరిలో ఏ పూటకూటియింట శుభ్రముగా వండుదురో, ఎచ్చట పాచికూడు పెట్టుదురో అతనికెట్లు తెలియును? ఈ చిక్కును మొదట గుర్తించినవాడు ఫ్రెడ్ హార్వే. ఇంగ్లండులో పుట్టి అమెరికా చేరిన యీతడు 1876లో కాన్సాసు రాష్ట్రమందలి టొపీకా రైలుస్టేషనులో ఫలహారశాల తెరచెను. క్రమముగా శాంటా ఫే రైలుమార్గము పొడవునను అట్టివి వెలసినవి. బండిలో ఎందరు భోజనము చేయుదురో ముందుగనే తంతివార్త పోవుచుండెను. బండి ఆగునప్పటికి వడ్డన సిద్ధము. ఎడారి నడుమ స్టేషనులో గూడ తెల్లని దుప్పటి పరచిన బల్ల, వేడి భోజనము దొరకుట ఆ కాలమున వింతయే.

రైలు పోయి కారు వచ్చినది. అప్పుడు పేరు గడించినవాడు హోవర్డు జాన్సను. మసాచుసెట్సు రాష్ట్రమున క్విన్సీ పట్టణమందు 1925లో అతడు అప్పుచేసి ఒక మందుల దుకాణము కొనెను. ఆ దుకాణములో అమ్ము ఐస్‌క్రీములో వెన్నపాలు హెచ్చించి పేరు తెచ్చుకొనెను. తుదకు 28 రుచుల ఐస్‌క్రీమును అమ్మెను. 1935లో కేప్ కాడ్ ప్రాంతపు ఆర్లీన్సు ఊరిలో ఒక పరిచితుడు భోజనశాల పెట్టగోరగా, జాన్సను అతనితో ఒడంబడిక చేసికొనెను. పెట్టుబడి ఆతనిది, పేరు, వంటవిధానము, సరకులు జాన్సనువి. బ్యాంకులకువలె భోజనశాలకు గూడ శాఖలేర్పడు పద్ధతి యిట్లు బలపడెను. కారులో పోవువారికి దూరమునుండియే కనబడుటకై ప్రతి శాఖకును నారింజరంగు కప్పు వేయించిరి. కప్పు కనబడినచో రుచి యేమో, వెల యెంతో లోపల అడుగుపెట్టకమునుపే తెలియును.

జాన్సను తన సీమ వంటను గూడ దేశమంతట త్రిప్పెను. ఆల్చిప్పలను పిండిలో పొర్లించి నూనెలో వేయించుట మసాచుసెట్సు తీరమందలి వాడుక. ఆ తీరవాసులు వానిని పొట్టతోసహా తిందురు; రుచి యంతయు అందే యున్నదందురు. సముద్రమెరుగని లోనాటివారికి ఆ మెత్తని పొట్ట రోతగా నుండును. కనుక జాన్సను శాఖలలో పొట్ట తీసివేసి, గట్టి భాగమును మాత్రము సన్నని ముక్కలుగా కోసి వేయించి పెట్టిరి. దేశము మెచ్చుకొన్నది. తీరవాసులు పెదవి విరిచిరి. ఊరి వంట ఊరు దాటవలెనన్న కొంత విడువక తప్పదు. విడిచినది సారమా, తొడుగా అనునది మాత్రము ఎవరి నాలుక వారికి చెప్పవలసినదే.

ఒకే కప్పు, ఒకే వంట, ఒకే వెల. కాని ఆ కప్పు క్రింద కూర్చుండు హక్కు అందరికి లేకుండెను. 1957 అక్టోబరులో ఘనా దేశపు ఆర్థికమంత్రి కె. ఎ. గ్బెడెమా డెలవేరు రాష్ట్రమున డోవరు పట్టణమందు హోవర్డు జాన్సను శాఖకు పోయెను. తనకును తన కార్యదర్శికిని నారింజరసము కావలెనని కోరెను. నల్లవారికి లోపల కూర్చుండి త్రాగుటకు వీలులేదనియు, బయటికి తీసికొనిపోవలెననియు వారు చెప్పిరి. ఆ యేటి మార్చిలోనే ఘనా స్వతంత్రమై యుండెను. ఆ ఉత్సవమునకు వచ్చిన అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సను తన యింట భోజనము చేసినాడని మంత్రి వారికి జ్ఞాపకము చేసెను. డబ్బును, రసమును అచ్చటనే విడిచి వెడలిపోయెను. వార్త లోకమంతట ప్రాకినది. అక్టోబరు 10వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఆయనను తన భవనమునకు పిలిచి ఉదయపు ఫలహారము పెట్టెను. మంత్రికి గౌరవము దక్కినది. ఆ దేశపు నల్లపౌరులను మాత్రము అధ్యక్షభవనమునకు పిలుచువారెవరు?

వారు తమంతటనే కూర్చుండిరి. 1960 ఫిబ్రవరి 1వ తేదీన ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి కళాశాల విద్యార్థులు వుల్‌వర్తు అంగడికి పోయిరి. ఇదియు ఊరూర శాఖలుగల అంగడియే. ఒకచోట చిన్న వస్తువులు కొనగా వారి డబ్బు చెల్లినది. ఫలహారపు బల్లయొద్ద కాఫీ అడుగగా వారికి పోయలేదు. వారు కోపింపలేదు, లేవనులేదు, అంగడి మూయువరకు కూర్చుండిరి. మరునాడు మరికొందరు, ఆ పైన వందలకొలది వచ్చిరి. ఇతర పట్టణములలో గూడ ఇట్లే జరిగినది. జూలై 25వ తేదీన ఆ అంగడివారు దిగివచ్చిరి. ఆనాడు ఆ బల్లయొద్ద మొదట కూర్చుండి తిన్న నల్లవారు ఎవరో కారు. ఆ అంగడిలోనే పనిచేయు ఉద్యోగులు! అన్నాళ్లు అక్కడనే పనిచేసియు, అచ్చట కూర్చుండుట వారికి అదే మొదలు. దేశమంతట భోజనశాలలలో జాతిభేదము పాటించుట 1964 జూలై 2వ తేదీన చట్టముచే నిషేధింపబడెను.

గ్రీన్స్‌బరో అంగడి యిప్పుడు ప్రదర్శనశాల. ఆనాటి బల్ల, దానియెదుటి ఆసనములు అచ్చటనే ఉన్నవి. శాఖా భోజనశాలలు నేడు వేలకొలది కలవు. అయినను ఊరి నాలుకను అవి పూర్తిగ మార్చలేకపోయినవి. జార్జియాలో 1955లో పుట్టిన 'వాఫుల్ హౌస్' రేయింబవళ్లు తెరచియుండి గ్రిట్స్ వడ్డించును. 'మెక్‌డొనాల్డ్స్' వారు హవాయి దీవులలో ఉదయమున అన్నము పెట్టుదురు. నారింజరంగు కప్పులు మాత్రము ఒక్కొక్కటిగా దిగిపోయి, న్యూయార్కు రాష్ట్రమున లేక్ జార్జి ఊరిలో మిగిలిన కట్టకడపటి భోజనశాల 2022లో మూతపడెను. మసాచుసెట్సు తీరమున ఎసెక్సు ఊరిలో ఆల్చిప్పలను నేటికిని పొట్టతోడనే వేయించుచున్నారు.