12 వోల్టులు ఉన్నా జనరేటర్ ఎందుకు స్టార్ట్ కాదు?



10వ తరగతి పిల్లలు ఇప్పుడు ఫిజిక్స్‌లో ఓమ్ నియమం, నిరోధం లెక్కలు చేస్తున్నారు. ఆ లెక్కలు ఇంట్లో ఎక్కడ పనికొస్తాయో చూపించడానికి ఈ నెల సెల్ఫ్ స్టార్ట్ ఉన్న చిన్న పెట్రోలు జనరేటర్‌ను ఎంచుకున్నాను. పెరట్లో గడ్డి కోసే మిషన్‌కూ ఇదే పాఠం వర్తిస్తుంది.

ఈ యంత్రాలను మనం నెలల తరబడి మూల పెడతాం. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా తనంతట తానే డిశ్చార్జ్ అవుతుంది. అలాగే వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ చార్జింగ్ ఎక్కదు. 2014 అక్టోబర్ 12న విశాఖను హుద్‌హుద్ తుపాను తాకాక చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజునే బటన్ నొక్కితే "టక్" మని శబ్దం వచ్చి ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లో ఉన్న సెల్స్ అన్నీ కలిపి 12 వోల్టులు చేద్దామని పిల్లలకు ఆలోచన వస్తుంది. మంచి ఆలోచనే, కానీ ముందు ఒక లెక్క చేయాలి.

మోటారు అడిగేది ఆంపియర్లు

చిన్న ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటారు 60 ఆంపియర్లు తీసుకుంటుందని అనుకుందాం. ప్రతి బ్యాటరీకి లోపల కొంత నిరోధం ఉంటుంది. దాన్ని అంతర్నిరోధం అంటాం.

మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ: వోల్టేజి 12.6, అంతర్నిరోధం సుమారు 0.03 ఓమ్‌లు. లోపల పోయేది 60 × 0.03 = 1.8 వోల్టులు. మోటారుకు 10.8 వోల్టులు మిగులుతాయి. ఇంజన్ తిరుగుతుంది.

శ్రేణిలో కలిపిన 8 పెన్ సెల్స్: 8 × 1.5 = 12 వోల్టులు. ఒక్కో సెల్‌కు 0.2 ఓమ్‌లు అనుకుంటే మొత్తం 1.6 ఓమ్‌లు. రెండు కొనలు నేరుగా కలిపేసినా 12 ÷ 1.6 = 7.5 ఆంపియర్లకు మించి రావు. 60 ఎక్కడ, 7.5 ఎక్కడ!

వైరు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఇళ్లలో లైట్లకు వాడే 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రానుపోను 6 మీటర్లు ఉంటే దాని నిరోధం సుమారు 0.1 ఓమ్. అందులో 60 ఆంపియర్లు పోతే 6 వోల్టులు వైరులోనే ఖర్చవుతాయి. 360 వాట్ల వేడి పుడుతుంది, ఇన్సులేషన్ కరుగుతుంది.

మరి ఏం వాడవచ్చు?

1. తాడు. చాలా చిన్న పెట్రోలు ఇంజన్లలో స్పార్క్‌కు కావలసిన కరెంటు మాగ్నెటో నుంచి వస్తుంది, బ్యాటరీ నుంచి కాదు. కాబట్టి మీ యంత్రానికి లాగే తాడు ఉంటే, బ్యాటరీ పాడైనా స్టార్ట్ కావచ్చు. ముందు మాన్యువల్ చూడండి.

2. ఇంకో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. సెల్ఫ్ స్టార్ట్ బైక్ బ్యాటరీ ఇలాంటి పనికే తయారైంది. కారు బ్యాటరీ కూడా పనికొస్తుంది, కానీ కారు ఇంజన్ ఆపి ఉంచాలి. జంపర్ కేబుల్ ఎరుపు ప్లస్‌కు, చివరి నలుపు క్లిప్ బ్యాటరీకి దూరంగా ఇంజన్ లోహ భాగానికి పెట్టాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండవచ్చు, నిప్పురవ్వ పడకూడదు.

3. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ స్టార్టర్ బ్యాటరీ. 3.2 వోల్టుల సెల్స్ 4 కలిస్తే 12.8 వోల్టులు. తేలిక, ఎక్కువ రోజులు చార్జ్ నిలుపుతుంది. లోపల రక్షణ సర్క్యూట్ ఉండి, స్టార్టింగ్ కరెంటుకు సరిపోయేదే కొనాలి. చార్జర్ కూడా దానికి తగినదే ఉండాలి.

4. సూపర్ కెపాసిటర్లు. 350 ఫారడ్‌ల, 2.7 వోల్టుల కెపాసిటర్లు 6 శ్రేణిలో కలిపితే సుమారు 58 ఫారడ్‌లు. 12 నుంచి 9 వోల్టులకు దిగేలోగా ఇచ్చే శక్తి ½ × 58 × (144 − 81), అంటే సుమారు 1,800 జౌళ్లు. 720 వాట్ల మోటారును ఇది రెండున్నర సెకన్లు తిప్పగలదు. సన్న పైపుతో మెల్లగా నిండిన ట్యాంకు ఒక్కసారిగా ఖాళీ అయినట్టు, చిన్న బ్యాటరీతో మెల్లగా నింపి ఒకేసారి వాడుకోవచ్చు. ఒక్కో కెపాసిటర్ మీద వోల్టేజి సమంగా ఉండేలా బ్యాలెన్సింగ్ బోర్డు తప్పనిసరి. రెండు కొనలు తాకితే పెద్ద మెరుపు వస్తుంది కనుక ఇది పెద్దల పనే.

దయచేసి ఇవి వద్దు

పాత ల్యాప్‌టాప్ ప్యాక్ పగలగొట్టి తీసిన లిథియం సెల్స్‌తో పిల్లల్ని ప్యాక్ చేయనివ్వకండి. అవి తక్కువ కరెంటు ఎక్కువసేపు ఇవ్వడానికి చేసినవి. ఒక్కసారిగా భారీ కరెంటు లాగితే విపరీతంగా వేడెక్కి అంటుకోగలవు. పక్కనే పెట్రోలు ఉంటుందని మరవకండి. 18 వోల్టుల డ్రిల్ బ్యాటరీ కూడా వద్దు. నిండుగా ఉంటే దానిలో 20 వోల్టులకు పైగా ఉంటాయి. 12 వోల్టుల సర్క్యూట్ పాడవుతుంది.

ఇంట్లో చేసి చూడండి

మీ బాబు లేదా పాపకు ఒక మల్టీమీటర్, ఒక కొత్త పెన్ సెల్, ఒక పాత సెల్, చిన్న టార్చ్ బల్బు ఇవ్వండి. బల్బు లేకుండా ఒకసారి, వెలిగించి ఒకసారి వోల్టేజి రాయమనండి. ఊరికే ఉన్నప్పుడు రెండు సెల్స్‌కూ పెద్ద తేడా కనిపించకపోవచ్చు. బల్బు పెట్టగానే పాత సెల్ వోల్టేజి బాగా పడిపోతుంది. అంతర్నిరోధం అంటే ఏమిటో పిల్లలకు అక్కడ కంటికి కనిపిస్తుంది.

తర్వాత మీరు జనరేటర్ బ్యాటరీ చూడండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.0 దగ్గరుంటే దాదాపు ఖాళీ అయినట్టు. స్టార్ట్ నొక్కినప్పుడు 9.6 కంటే కిందికి దిగితే ముందు చార్జ్ చేయండి. చార్జ్ చేశాక కూడా దిగితే కొత్తది కొనే సమయం వచ్చింది. నెలకోసారి చార్జ్ చూసుకుంటే తుపాను రోజున ఈ తిప్పలు ఉండవు. జనరేటర్‌ను మాత్రం ఎప్పుడూ ఆరుబయటే నడపండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన బాల్కనీలో కూడా ప్రాణం తీస్తుంది.

ఇకపై మీ పిల్లలు ఏ ప్రాజెక్టుకైనా "ఇన్ని వోల్టులు చాలు" అన్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "మరి ఎన్ని ఆంపియర్లు కావాలి?" జవాబు కాగితం మీద లెక్క కట్టి చూపించాకే వైరు చేతికివ్వండి.

మీ ఫిజిక్స్ టీచర్